బుజ్జీ, నన్ను కూర్చోమనకు

తెనాలి

చిరంజీవి బుజ్జికి అమ్మ ఆశీస్సులు.

ఆమధ్య వీడియో కాల్‌లో నా మోచేతి మీద గాయం చూసి ఏమైందని అడిగావు. తలుపు తగిలిందన్నాను. అది నిజం కాదమ్మా. భోగి నాడు ముగ్గు పూర్తి చేసి ఒక్కసారిగా లేచేసరికి కళ్ళు తిరిగాయి. గేటు అందుకోబోయి, అందక, రంగుల గిన్నెల మీదే పడ్డాను. అంత దూరంలో ఉన్నదానివి కంగారు పడతావని, నాన్నగారిని కూడా చెప్పొద్దన్నాను. దాచి తప్పు చేశాను. ఒకసారి పడ్డవాళ్ళు మళ్ళీ పడే అవకాశం ఎక్కువట. దెబ్బ తగలకపోయినా సరే, పడ్డామని డాక్టరుకి చెప్పి తీరాలట.

దెబ్బ పది రోజుల్లో మానింది గానీ, భయం పట్టుకుంది. గుడికి వెళ్ళడం మానేశాను. డాబా మెట్లు ఎక్కలేదు. కూరలు కూడా కూర్చున్నచోటికే తెప్పించుకున్నాను. రెండు నెలలు తిరిగేసరికి చేతులు ఆనించకపోతే కుర్చీలోంచి లేవలేకపోయాను. అప్పుడు వెళ్ళాను డాక్టరు దగ్గరికి.

ఆయన నన్ను పడుకోబెట్టి బీపీ చూశారు, నిలబడ్డాక మళ్ళీ చూశారు. పై అంకె 140 ఉన్నది 112కి దిగిపోయింది. 20 పాయింట్లు తగ్గినా పట్టించుకోవాల్సిందేనట. వేసుకునే మందులన్నీ బల్ల మీద పెట్టమన్నారు. దురదకని మొదలుపెట్టి, నిద్ర బాగా పడుతోందని రోజూ రాత్రి వేసుకుంటున్న ఆ బిళ్ళ వద్దన్నారు. దానివల్ల మత్తు, తూలు వస్తాయట. బీపీ మందు డోసు ఆయనే మార్చారు. అలాంటివి మనంతట మనం మానకూడదని గట్టిగా చెప్పారు. ఇప్పుడు మంచం మీంచి లేచేముందు కాసేపు కాళ్ళు కిందకి వేసుకుని కూర్చుంటున్నాను.

ఫిజియోథెరపీ అమ్మాయి నేర్పింది చూస్తే నీకు ముచ్చటేస్తుంది. భోజనాల బల్ల దగ్గరి చెక్క కుర్చీని గోడకి ఆనించి, చేతులు రెండూ గుండెల మీద కట్టుకుని, అరనిమిషంలో ఎన్నిసార్లు లేచి కూర్చోగలనో లెక్కపెట్టాలి. మొదటిరోజు 5 సార్లకే తొడలు వణికాయి. నిన్న 10 సార్లు లేచాను. నా వయసువాళ్ళు కనీసం 11 సార్లు లేవాలట. తర్వాత వంటింటి గట్టు పట్టుకుని, ముందు పాదం మడమ వెనక పాదం వేళ్ళకి తగిలేలా అడుగులేస్తాను. నాన్నగారు పక్కనే నిలబడతారు.

ఇంట్లోనూ కొన్ని మార్చాం. నాన్నగారు కమోడ్ మీంచి లేచేటప్పుడు టవల్ రాడ్డు పట్టుకునేవారు. అది మనిషి బరువుకి ఆగదు. మేస్త్రీని పిలిచి గోడలోకి దింపి స్టీలు హ్యాండిల్ పెట్టించాం. నూతి దగ్గర నాచు గీకించాం. నువ్వు తెచ్చిన డోర్ మ్యాట్ టైల్స్ మీద జారుతోంది, తీసేశాను, ఏమీ అనుకోకు. రాత్రి బాత్‌రూమ్ దాకా చిన్న లైటు వెలుగుతూనే ఉంటుంది.

పడితే ఎలా లేవాలో కూడా చాప మీద ఇద్దరం ప్రాక్టీసు చేశాం. పక్కకి తిరగాలి, చేతులూ మోకాళ్ళ మీదికి రావాలి, కుర్చీ దాకా పాకి దాన్ని ఆనుకుని లేవాలి. తుంటి దగ్గర నొప్పి ఉంటే మాత్రం కదలకుండా మనుషుల్ని పిలవాలి. అందుకే ఫోను నడుం దగ్గర సంచిలో పెట్టుకుంటున్నాను.

ఇదంతా చదివి నువ్వు ఫోన్ చేసి, "అమ్మా, కదలకుండా ఒకచోట కూర్చో" అంటావని తెలుసు. ప్రేమతోనే అంటావు. కానీ బుజ్జీ, ఆ రెండు నెలలు కూర్చునే నా కాళ్ళని పోగొట్టుకున్నాను. నన్ను నడవనీ. ఇకమీదట ఏ చిన్న తూలు వచ్చినా నీకు చెబుతాను, దాచను. నువ్వు ఫోన్ చేసినప్పుడల్లా "ఇవాళ ఎన్నిసార్లు లేచావు?" అని అడుగు చాలు.

వేసవి సెలవులకి వచ్చేటప్పుడు నాన్నగారికి వెనక పట్టీ ఉన్న చెప్పులు, అడుగున గరుకుగా ఉండేవి తీసుకురా. సైజు 8. ఆ హవాయి చెప్పులు బాగా అరిగిపోయాయి.

ఇట్లు,
అమ్మ