తరువాత ఏ సినిమా చూడాలి?

సంపాదకుల వారికి,

నమస్కారం. మీ ఆదివారం అనుబంధంలో ఇటీవల ప్రచురించిన, తప్పక చూడవలసిన వంద ప్రపంచ చిత్రాల జాబితా చదివి ఈ లేఖ రాస్తున్నాను. ప్రపంచ సినిమాకు తెలుగు పత్రికలో ఒక పూర్తి పుట దక్కడం ఈ రోజుల్లో చిన్న విషయం కాదు కనుక ముందుగా అభినందనలు. అయితే ఆ పుటను కత్తిరించి దాచుకున్న పాఠకుడు ఈ ఆదివారం సాయంత్రం ఆ వందలో ఏది పెట్టుకోవాలన్న ప్రశ్నకు మాత్రం అందులో జవాబు దొరకలేదు. మా ఊళ్లో కొందరం పాత సినిమాల మీద ఇష్టం కొద్దీ వారానికోసారి ఎవరో ఒకరి ఇంట్లో చేరి ఒక చిత్రం చూస్తుంటాం. చూసిన చిత్రం గురించి మా మధ్య పెద్దగా తగవులుండవు; తగవంతా వచ్చే వారం ఏది చూడాలన్న దగ్గరే వస్తుంది. ఆ తగవుల్లో తేలిన కొన్ని సంగతులు మీ పాఠకులకు కూడా పనికివస్తాయన్న నమ్మకంతో ఇక్కడ విన్నవిస్తున్నాను.

ఇలాంటి జాబితాల్లో పేరెన్నికగన్నది లండన్ నుంచి వెలువడే ‘సైట్ అండ్ సౌండ్’ పత్రిక 1952 నుంచి పదేళ్లకోసారి విమర్శకుల ఓట్లతో ప్రకటిస్తున్న వరుస. తొలిసారి అందులో మొదటి స్థానం ఇటలీ దర్శకుడు డి సికా తీసిన ‘బైసికిల్ థీవ్స్’ది. 1962 నుంచి 2002 దాకా ఆ పీఠం ‘సిటిజన్ కేన్’ది, 2012లో ‘వెర్టిగో’ది, 2022లో బెల్జియం దర్శకురాలు షాంటాల్ ఆకెర్మాన్ 1975లో తీసిన ‘జాన్ డీల్మాన్’ది. ఈ చివరి చిత్రం నిడివి మూడు గంటల ఇరవై నిమిషాలు. ఒక వితంతువు మూడు రోజుల పాటు ఇంట్లో బంగాళాదుంపల తొక్క తీయడం, గిన్నెలు కడగడం, పక్కలు సర్దడం వంటి పనులు చేసుకుపోతుంటే కదలని కెమెరా ఆ పనులను దాదాపు అవి పట్టే కాలమంతా చూపిస్తుంది. రెండో రోజు దుంపలు ఎక్కువ ఉడికిపోయి, అంతవరకూ గడియారంలా సాగిన ఆమె చేతిపని తడబడడం మొదలైనప్పుడు మనకు కలిగే గాభరా, అప్పటిదాకా ఆ నెమ్మదిని ఓపిక పట్టి చూసినవారికే దక్కుతుంది. గొప్ప చిత్రమే, సందేహం లేదు. కానీ మొదటి స్థానంలో ఉంది కదా అని ప్రపంచ సినిమాను దానితోనే ఆరంభించడం, పెద్దబాలశిక్ష పట్టని పిల్లవాడికి వసుచరిత్ర అప్పగించడమే అవుతుంది. మా బృందంలోకి కొత్తగా వచ్చిన ఒక మిత్రుడు అలాగే దానితో మొదలుపెట్టి గంటలోపే లేచి వెళ్లాడు. మళ్లీ రప్పించడానికి ‘గుండమ్మ కథ’ వేయవలసి వచ్చింది.

పైగా ఆ 2022 నాటి వందలో మన దేశం నుంచి చోటు దక్కింది ఒక్క ‘పథేర్ పాంచాలి’కే, అదీ 35వ స్థానంలో. ఇందులో మనం నొచ్చుకోవలసిందేమీ లేదు. చూడనివాటికి ఎవరూ ఓటు వేయలేరు కదా. కాకపోతే అలాంటి వరుస తెలుగు ప్రేక్షకుడికి ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పలేదన్నది గ్రహిస్తే చాలు.

మంచి ఎంపిక మనకు బాగా తెలిసిన ఒక చిత్రం దగ్గర మొదలవుతుందన్నది నా అభిప్రాయం. ఒక ఉదాహరణను కాస్త వివరంగా చెప్పనివ్వండి. 1972లో పి. చంద్రశేఖరరెడ్డి దర్శకత్వంలో ఎన్.టి. రామారావు, అంజలీదేవి నటించిన ‘బడిపంతులు’ చూడని పెద్దవారు మన ఇళ్లలో తక్కువ. అంతకుముందు 1958లో వచ్చిన కన్నడ ‘స్కూల్ మాస్టర్’కు అది తెలుగు రూపం. ముదిమిలో తల్లినీ తండ్రినీ కొడుకులు వాటాలు వేసుకుని చెరొక చోటా ఉంచడం చూసి కంటతడి పెట్టిన మా బృందానికి, 1937లో అమెరికాలో లియో మెక్కేరీ తీసిన ‘మేక్ వే ఫర్ టుమారో’ పరిచయం చేయడానికి ఎలాంటి ఉపోద్ఘాతమూ అవసరం కాలేదు. అందులోనూ ఇల్లు పోగొట్టుకున్న వృద్ధ దంపతులను పిల్లలు విడదీసి వేరువేరు ఊళ్లలో పెట్టుకుంటారు. కొడుకు ఇంట్లో కోడలు నలుగురినీ కూర్చోబెట్టి పేకాట నేర్పుతున్న సాయంత్రం భర్త నుంచి ఫోను వస్తుంది. దూరం నుంచి మాట్లాడుతున్నాడు కదా అని ఆ ముసలామె గొంతు పెంచి, జాగ్రత్తగా ఉండమనీ చలికి బయట తిరగవద్దనీ చెబుతుంటుంది. అతిథులు మొదట ఇబ్బందిగా ఒకరినొకరు చూసుకుంటారు, ఆ తరువాత ముక్కలు చేతిలోనే ఉంచుకుని తలలు దించుకుంటారు. కెమెరా ఆమె ముఖం దగ్గరికి ఎగబడదు, మాటలు మాత్రమే వినిపిస్తాయి. ఇది చూసినవారు మన ‘బడిపంతులు’లో చిన్నారి శ్రీదేవి మీద తీసిన టెలిఫోను పాటను తలచుకోకుండా ఉండలేరు, ఒకే పనిముట్టు ఒకచోట ముద్దు మురిపెం, ఇంకొకచోట గుండెకోత. ఆ ఏడాది మెక్కేరీకి ఆస్కార్ వచ్చింది ‘ది ఆఫుల్ ట్రూత్’ అన్న హాస్యచిత్రానికి. బహుమతి అందుకుంటూ, మీరు తప్పు సినిమాకు ఇచ్చారని ఆయన అన్న మాట సినిమా చరిత్రలో నిలిచిపోయింది.

ఈ రెండూ చూశాక యసుజిరో ఓజు 1953లో తీసిన ‘టోక్యో స్టోరీ’ దగ్గరికి వెళ్లడం ఎంత తేలికో చెప్పలేను. ఓజుతో కలిసి రచన చేసిన కోగో నోడాకు ఆ అమెరికన్ చిత్రం తెలుసు కనుక ఇది నేను అల్లిన చుట్టరికం కాదు. దూరపు రేవుపట్టణం నుంచి టోక్యో వచ్చిన తల్లిదండ్రులకు డాక్టరు కొడుక్కీ, బ్యూటీపార్లరు నడిపే కూతురికీ తీరిక దొరకదు. యుద్ధంలో చనిపోయిన కొడుకు భార్య నోరికో మాత్రం పనికి సెలవు పెట్టి వాళ్లకు ఊరంతా చూపిస్తుంది. తన ఒంటిగది ఇంటికి వచ్చిన మామగారికి పోయడానికి మద్యం లేకపోతే పక్కింటికి వెళ్లి అరువు తెచ్చుకుంటుంది. తల్లి అంత్యక్రియలు ముగిసి భోజనాలు జరుగుతుండగానే ఆ కూతురు, అమ్మ బట్టల్లో ఫలానావి జ్ఞాపకంగా తనకు కావాలని అడుగుతుంది. అలాంటి మాట ఏదో ఒక చావింట్లో మనలో చాలామంది విన్నదే. మన చిత్రంలో చదువు చెప్పిన శిష్యుడి ఆదరణతో పంతులుగారి కష్టం గట్టెక్కుతుంది. అమెరికన్ చిత్రంలో దంపతులు రైల్వే స్టేషనులో విడిపోతారు. జపాన్ చిత్రంలో ఎవరూ దుర్మార్గులు కారు, అయినా జరగవలసింది జరిగిపోతుంది. ఈ మూడింటినీ ఇదే వరుసలో చూసినవారికి ఓజు నెమ్మది విసుగనిపించదని మా బృందం విషయంలో తేలింది. జాబితా తీసి ‘2022లో నాలుగో స్థానం’ అని చదివి పెట్టుకున్నవారికి అదే చిత్రం, ఏమీ జరగని రెండుంబావు గంటలుగా మిగిలిపోవచ్చు.

ఇలాంటి దారులు వెతికితే ఇంకా కనిపిస్తాయి. ప్రేమ్‌చంద్ ‘కఫన్’ కథను మృణాల్ సేన్ 1977లో ‘ఒక ఊరి కథ’గా తెలుగులోనే తీశారు. అందులో తండ్రి వేషం వేసిన ఎం.వి. వాసుదేవరావు, అంతకు రెండేళ్ల ముందు కన్నడ ‘చోమన దుడి’లో సొంత భూమి కోసం తపించే చోముడిగా జాతీయ ఉత్తమ నటుడి పురస్కారం అందుకున్నారు. నటుణ్ణి పట్టుకుని ఆ చిత్రానికి వెళ్లవచ్చు, భూమి అన్న విషయాన్ని పట్టుకుని గౌతమ్ ఘోష్ 1979లో తీసిన ‘మాభూమి’కీ, దాని నిర్మాణంలో ఉన్న బి. నర్సింగరావు 1988లో స్వయంగా దర్శకత్వం వహించిన ‘దాసి’కీ రావచ్చు. ఇద్దరు బెంగాలీ దర్శకులు వచ్చి తీసిన తెలుగు చిత్రాలను తెలుగు సినీప్రియులే ఎక్కువగా చూడకపోవడం నాకు ఎప్పుడూ వింతగానే ఉంటుంది. అలాగే 1952లో బొంబాయిలో మొదలై మద్రాసు, ఢిల్లీ, కలకత్తాలకు వెళ్లిన మన దేశపు తొలి అంతర్జాతీయ చలనచిత్రోత్సవంలో ‘బైసికిల్ థీవ్స్’, ‘రషోమోన్’లతో పాటు మన ‘పాతాళభైరవి’ కూడా ఉంది. ఆ మూడింటినీ మూడు వారాలు వరుసగా పెట్టుకుంటే ఆనాటి ప్రేక్షకుడి కళ్లతో సినిమాను చూసినట్లవుతుంది.

భాష సంగతి ఈ జాబితాలు రాసేవారికి తట్టదు. విదేశీ చిత్రాలకు తెలుగు సబ్‌టైటిళ్లు దొరకడం గగనం. ఇంగ్లిషువి ఉన్నా, అవి తెర మీద నిలిచే రెండు మూడు క్షణాల్లో చదివి, అర్థం చేసుకుని, మళ్లీ బొమ్మ చూడడం ఆ భాషలో చదువుకోనివారికీ, చూపు మందగించినవారికీ సాధ్యం కాదు. ఒకరు చదివి వినిపిస్తే మిగిలినవారికి సినిమా మీద ధ్యాస చెదురుతుంది. అందువల్ల కొత్తవారికి మాటలు తక్కువగా ఉన్న చిత్రాలతో ఆరంభించమని చెప్పడం ఉత్తమం. చాప్లిన్ సంగతి అందరికీ తెలిసిందే. పిల్లలున్న ఇంట్లో ఫ్రెంచి దర్శకుడు లామొరిస్ 1956లో తీసిన ‘రెడ్ బెలూన్’ ముప్పై నాలుగు నిమిషాల్లో అయిపోతుంది, మాటల అవసరం దాదాపు రాదు. నన్నడిగితే వీటన్నిటికంటే ముందు కనెటో షిండో 1960లో తీసిన జపాన్ చిత్రం ‘నేకెడ్ ఐలాండ్’ చెబుతాను. నీటి చుక్క లేని చిన్న దీవి మీద ఒక రైతు కుటుంబం బతుకుతుంటుంది. భార్యాభర్తలు రోజూ పడవలో అవతలి ఒడ్డుకు వెళ్లి మంచినీళ్లు తెచ్చి, కావడి భుజాన వేసుకుని ఏటవాలు గట్టు ఎక్కి, మొక్క మొక్కకూ గరిటెతో పోస్తారు. ఒకసారి ఆమె కాలు జారి ఒక బక్కెట నీళ్లు ఒలికిపోతాయి. భర్త వచ్చి చెంప మీద కొడతాడు, ఆమె కింద పడుతుంది, లేస్తుంది, మళ్లీ పని సాగుతుంది. ఒక్క మాట లేదు. పాలమూరులో, అనంతపురంలో బిందెల కోసం మైళ్లు నడిచిన తరం వారికి ఈ దృశ్యాన్ని ఎవరూ వివరించనక్కరలేదు. మా బృందంలో అంతవరకూ ఫోను చూసుకుంటున్న పెద్దావిడ ఒకరు, నీళ్లు ఒలికినప్పుడు పైకే ‘అయ్యో’ అన్నారు. 1961 మాస్కో చిత్రోత్సవంలో అగ్ర బహుమతిని మరో చిత్రంతో పంచుకున్నది ఇదే.

ఇక ప్రింటు. పాత చిత్రం చూడాలని కూర్చుని నాసిరకం ప్రతి పెట్టుకుంటే ఆ చిత్రాన్ని ఇక ఎప్పటికీ చూడకుండా చేసుకున్నట్టే. 1950ల మొదట్లో వరకూ సినిమా చట్రం దాదాపు చదరంగా ఉండేది. దాన్ని నేటి వెడల్పు టీవీకి నింపాలని పైనా కిందా కోసి పెట్టిన ప్రతులు ఇంటర్నెట్‌లో కొల్లలు. పౌరాణికాల్లో కిరీటాలు పోతాయి, సాంఘికాల్లో నుదుటి బొట్టు దాకా తెగుతుంది. పద్యాలు ఎగరగొట్టి నిడివి తగ్గించినవి వేరే. 2024 సెప్టెంబరులో అక్కినేని నాగేశ్వరరావు శతజయంతి సందర్భంగా ‘దేవదాసు’తో మొదలుపెట్టి ఆయన చిత్రాలు పదింటిని దేశంలోని 25 నగరాల్లో పెద్ద తెర మీద ప్రదర్శించారు. అలాంటి అవకాశం వచ్చినప్పుడు ఇంట్లో అనుకున్న జాబితా పక్కన పెట్టి టికెట్టు కొనడమే సరైన ఎంపిక.

నలుగురు కలిసి చూసేచోట ఓటింగు పెట్టవద్దని కూడా మనవి. మేం పెట్టి చూశాం. ప్రతిసారీ ఎవరికీ అభ్యంతరం లేని చిత్రం గెలిచింది తప్ప, ఎవరికైనా ప్రాణమైన చిత్రం గెలవలేదు. ఇప్పుడు వంతులవారీగా ఒక్కొక్కరు ఎంచుతారు, ఎంచినవారు ముందు అయిదు నిమిషాలు ఎందుకు ఎంచారో చెబుతారు, మిగిలినవారు చివరిదాకా కూర్చుంటారు. దూరదర్శన్ ఆదివారం మధ్యాహ్నం ప్రాంతీయ భాషల అవార్డు చిత్రాలు వేసిన కాలంలో ఈ ఎంపిక బాధే ఉండేది కాదు. వారు వేసిందే చూశాం, ఒరియా, అస్సామీ, మలయాళం అని ఎంచలేదు. చేతిలో వేల చిత్రాలున్న నేటి పిల్లలు గంటసేపు వెతికి ఏమీ చూడకుండా నిద్రపోతున్నారంటే తప్పు వారిది మాత్రమే కాదు.

కాబట్టి నా విన్నపం ఇది. వంద చిత్రాల పుటకు బదులు వారానికి ఒక్క చిత్రం చొప్పున చిన్న శీర్షిక నడపండి. కథ మొత్తం చెప్పనక్కరలేదు, నక్షత్రాలూ మార్కులూ వద్దు. ఆ చిత్రం ఏ తెలుగు చిత్రానికి చుట్టమో, నిడివి ఎంతో, మాటలు ఏపాటివో, సబ్‌టైటిళ్లు ఏ భాషలో ఉన్నాయో, మన దేశంలో చట్టబద్ధంగా ఎక్కడ దొరుకుతుందో, దొరికే ప్రతుల్లో ఏది కోత లేనిదో, అది నచ్చితే తరువాత ఏది చూడవచ్చో చెబితే చాలు. ఈ వివరాలు చూసి, సరిచూసి రాయగలవారు హైదరాబాదు, కరీంనగర్ వంటి చోట్ల ఫిల్మ్ సొసైటీల్లో ఏళ్ల తరబడి పనిచేసినవారిలో తప్పక దొరుకుతారు. మొదటి వారానికి ‘నేకెడ్ ఐలాండ్’ను పరిశీలించగలరు. రెండో వారానికి మాత్రం మీరు తెలుగు చిత్రమే ఎంచాలని కోరుతున్నాను, అదీ 1960కి ముందుది.

భవదీయుడు,
ఒక పాఠకుడు,
హనుమకొండ