పెరట్లో చైత్రం

ఒరే రాంబాబూ,

ఈ ఉగాది నుంచి ఊళ్ళో పెరడు నువ్వే చూసుకుంటున్నావని తెలిసి ఎంత సంతోషమేసిందో! కోయిల కూస్తోంది, వేప పూసింది, మామిడి పిందె పట్టింది. ఇంతకంటే మంచి రోజులు ఏడాదిలో ఉండవురా. ఇక నీళ్ళు ఎవరికి, ఎప్పుడు, ఎంత అన్నది తెలుసుకున్నావంటే సగం పని అయిపోయినట్టే.

ముందు మామిడి. పూత మీదున్నన్నాళ్ళూ తడి పెట్టకూడదు, పూత రాలిపోతుంది. పిందె బఠాణీ గింజంత అయ్యాక మొదలుపెట్టు. అదీ ఒక్కసారిగా పాదు నింపెయ్యకు. బాగా ఎండిన నేల ఒక్కరోజులో తడిసిందంటే పిందె రాలుతుంది. పాదు మొదలు దగ్గర వద్దు, కొమ్మల చివర్ల కింద తియ్యి. నీళ్ళు లాగే పీచువేళ్ళు ఎక్కువగా ఉండేది అక్కడే. తర్వాత కూడా రోజూ కొన్ని పిందెలు రాలుతూనే ఉంటాయి, కంగారుపడకు. చెట్టు మోయగలిగినన్నే ఉంచుకుంటుంది. ఆకులు జిగటగా ఉండి మసి పట్టాయంటే మాత్రం తేనెమంచు పురుగు పడిందన్నమాట.

మల్లెకి అలా కాదు, తేమ ఆరనివ్వకూడదు. ఒక విడత పూశాక రెమ్మల కొసలు తుంచావంటే కొత్త రెమ్మలు వచ్చి మళ్ళీ మొగ్గ తొడుగుతుంది.

వేపపువ్వు కోసం కొమ్మలు విరవకురా. రాత్రి చెట్టు కింద పాతచీర పరిస్తే తెల్లారేసరికి రాలి ఉంటుంది. నీడన ఆరబెట్టి డబ్బాలో పోసుకుంటే ఏడాదంతా చారుకి సరిపోతుంది.

ఇక పెట్ట సంగతి. ఎండలు ముదరకముందే పొదగెయ్యి. నాటుపెట్ట కిందికి పది పన్నెండు గుడ్లు చాలు. అయిదు రోజులు దాటినవి వద్దు, ఈ వేడికి పిల్ల కాకుండా పోతాయి. గుడ్లు కడగకు, పెంకు మీది సన్నటి పొర పోతుంది. గంపలో అడుగున బూడిద చల్లితే పేలు పట్టవు. దాని మీద వరిగడ్డి. చుట్టూ నేల మీద నీళ్ళు చిలకరించు, గుడ్ల మీద పడనివ్వకు.

ఏడో రోజు రాత్రి చీకట్లో గుడ్డు వెనక టార్చి పెట్టి చూడు. మధ్యలో నల్లచుక్క, దాన్నుంచి సాలెగూడులా ఎర్రటి నరాలు. కాసేపు చూస్తే చుక్క కదులుతుంది కూడా! ఒట్టి పసుపు వెలుగే కనిపిస్తే ఆ గుడ్డు తీసెయ్. కుళ్ళి పగిలిందంటే మిగతావీ పాడవుతాయి.

పిల్లలకి నీళ్ళు లోతులేని మూకుట్లో, గులకరాళ్ళు వేసి పెట్టు. లేకపోతే అందులో దిగి తడిసి, చలిపట్టి చచ్చిపోతాయి. వారం లోపల పశువుల ఆసుపత్రిలో అడిగి కొక్కెర తెగులు రాకుండా కంట్లో టీకా చుక్కలు వేయించు. అది ఒక్కటీ మానకు.

గేదెకి చెమట తక్కువ. మధ్యాహ్నం తప్పకుండా ఒళ్ళంతా నీళ్ళు పొయ్యి.

పొదగేసిన తేదీ గోడ మీద బొగ్గుతో రాసి నాకూ చెప్పు. ఇరవై ఒకటో రోజుకి నేనక్కడ ఉంటాను.

ఇట్లు,
నీ సూరి