రెండు పసుపు మాత్రలు, మధ్యలో లేని నర్సు

ఎడిటర్ గారికి నమస్కారం.

ఏటా అక్టోబరు 12న, ప్రపంచ ఆర్థరైటిస్ దినం నాడు, కీళ్ల జబ్బుల మీద డాక్టర్లు చెప్పిన మాటలు పత్రికల్లో వస్తాయి. అన్నీ శ్రద్ధగా చదువుతాను. మంచి విషయాలే ఉంటాయి. కానీ మందుల చీటీ పట్టుకుని ఇంటికెళ్లిన మనిషికి ఆ తర్వాత ఎవరు దిక్కన్నది వాటిలో కనపడదు. అందుకే ఈ ఉత్తరం రాస్తున్నాను.

మా వీధిలో మిషను కుట్టుకుని బతికే ఒకావిడ ఉంది. వయసు 42. చేతి వేళ్లు వాచిపోయి, పొద్దున లేస్తే గంటన్నర దాకా పిడికిలి ముడుచుకునేది కాదు. ఒక ఆస్పత్రిలో చూపించుకుంటే రుమటాయిడ్ ఆర్థరైటిస్, అంటే కీళ్లవాతం అని సరిగ్గానే తేల్చారు. మందులూ సరైనవే రాశారు. జబ్బును అదుపు చేసే మెథోట్రెక్సేట్ వారానికి ఒక్క రోజు, మిగతా రోజుల్లో దాని దుష్ప్రభావాలు తగ్గించే ఫోలిక్ యాసిడ్ విటమిను. రెండూ చిన్న పసుపు మాత్రలే. షీట్ల మీద కంపెనీలు పెట్టిన పేర్లు కూడా ఒకేలా మొదలవుతాయి. చీటీ ఇంగ్లీషులో ఉంది. ఆవిడ రెండింటినీ తారుమారు చేసుకుంది. ఫోలిక్ యాసిడ్ ఆదివారం నాడు, మెథోట్రెక్సేట్ రోజూ.

తొమ్మిదో రోజుకి నోరంతా పూసింది. గుక్కెడు మజ్జిగ కూడా దిగలేదు. జ్వరం. "వేడి చేసిందేమో, చూడు సిస్టరమ్మా" అంటూ నా దగ్గరికి వచ్చింది. మందుల కవరు విప్పి షీటులో ఖాళీలు లెక్కపెడుతుంటే నా చేతులు వణికాయి. ఆ సాయంత్రమే గుంటూరు తీసుకెళ్లాం. తెల్ల కణాలు, ప్లేట్‌లెట్లు బాగా పడిపోయాయి. విరుగుడు ఇంజెక్షన్లు ఇచ్చి, పదకొండు రోజులు ఉంచుకుని బతికించారు.

తప్పు ఆవిడదంటే నేను ఒప్పుకోను. డాక్టరు గదిలో ఆమె ఉన్నది నాలుగైదు నిమిషాలు. బయట యాభై అరవై మంది ఉన్నారు. మందుల షాపు కుర్రాడు షీట్లు కవర్లో వేసి ఇచ్చాడు. ఈ రెండు చోట్లకీ మధ్య ఒక నర్సు కూర్చుని ఉండాల్సింది. "ఏ వారమైతే నీకు గుర్తుంటుందమ్మా?" అని అడిగి, షీటు మీద స్కెచ్ పెన్నుతో 'సోమవారం మాత్రమే' అని పెద్దగా తెలుగులో రాసి, "ఇప్పుడు నువ్వు ఎలా వేసుకుంటావో నాకు చెప్పు" అని ఆమె నోటితో తిరిగి చెప్పించుకోవాల్సింది. పది నిమిషాల పని. ఆ పది నిమిషాలు ఎవరి డ్యూటీలోనూ లేవు.

నేను ప్రభుత్వ ఆస్పత్రుల్లో 34 ఏళ్లు పనిచేసి హెడ్ నర్సుగా రిటైరయ్యాను. పన్నెండేళ్లుగా నాదీ ఇదే జబ్బు. ఒంటిని కాపాడాల్సిన రోగ నిరోధక శక్తే కీళ్ల మీద దాడి చేస్తుంది. మగవాళ్లకన్నా ఆడవాళ్లలో రెండు మూడు రెట్లు ఎక్కువ. నేనే ఇంజెక్షన్ల ట్రే మోసిన చేతులతో ఒక దశలో పాల ప్యాకెట్ కత్తిరించలేకపోయాను. మంచం పక్కన నిలబడినన్నాళ్లూ తెలియని సంగతులు పేషెంటునయ్యాక తెలిశాయి. "నొప్పి ఎలా ఉంది?" అని అడిగితే మన ఆడవాళ్లు "పర్లేదండీ" అంటారు. నేనూ అలాగే అన్నాను. అదే "జడ వేసుకోగలుగుతున్నావా? జాకెట్టు హుక్కులు ఎవరు పెడుతున్నారు? కుళాయి తిప్పగలవా? రుబ్బిన పిండి గిన్నె ఎవరు దించుతున్నారు?" అని అడిగి చూడండి. కళ్లలో నీళ్లు వస్తాయి, అసలు సంగతి బయటికొస్తుంది. ఆ ప్రశ్నలు వేసేది నర్సే. రెండు చేతులతో గిన్నె పట్టుకోవడం, సంచిని వేళ్లకు తగిలించకుండా మోచేతికి వేసుకోవడం, పొద్దున్నే గోరువెచ్చని నీళ్లలో చేతులు పెట్టి వేళ్లు మెల్లగా ఆడించడం, ఇవన్నీ చేసి చూపించాలి. కాగితం మీద రాసిస్తే అవ్వవు.

ఇంకొక సంగతి నిర్మొహమాటంగా రాస్తున్నాను. మెథోట్రెక్సేట్ కడుపులో బిడ్డకి ప్రమాదం. పిల్లలు కావాలనుకునే ముందే డాక్టరుకు చెప్పి మందు మార్పించుకోవాలి. కొత్తగా పెళ్లయిన అమ్మాయి వెనకాల అత్తగారు నిలబడి ఉంటే, అరవై మంది ఎదురుచూసే ఓపీలో ఈ మాట ఎవరు అడుగుతారు, ఆ అమ్మాయి ఎవరికి చెప్పుకుంటుంది? పక్కకు తీసుకెళ్లి అడగడానికి ఒక ఆడమనిషి, నర్సు, ఉండాలి. అలా అడగకపోవడం వల్ల ఆఖరికి ఏమైందో నేను వార్డులో కళ్లారా చూశాను.

అడిగేవాళ్లు లేనప్పుడు జనం దొరికినవాళ్ల దగ్గరికే వెళ్తారు. ఊళ్లో సూది వేయించుకుంటారు, పేరు తెలియని పొడి తెచ్చుకుంటారు. రెండు రోజుల్లో నొప్పి మాయం. అలాంటి వాటిలో చాలాసార్లు ఉండేది స్టెరాయిడ్. మొహం ఉబ్బుతుంది, షుగర్ పెరుగుతుంది, ఎముకలు గుల్లబారతాయి. నెలల తరబడి వాడి ఒక్కసారిగా మానేస్తే ప్రాణం మీదికొస్తుంది. మరోపక్క పథ్యాలు. వాతమని చెప్పి వంకాయ, గుడ్డు, పెరుగు, పప్పు అన్నీ మానేసి, అసలే రక్తం తక్కువగా ఉన్న మనిషి ఇంకా నీరసించిపోతుంది. ఈ పథ్యాలు మాన్పించడానికి నాకు ఒక్కో ఇంట్లో నెలలు పట్టింది.

మా చెల్లెలి కూతురు ఇంగ్లండ్‌లో నర్సు. అక్కడ రుమటాలజీకి, అంటే కీళ్లవాతం వైద్యానికి, ప్రత్యేకంగా శిక్షణ పొందిన నర్సులు సొంతంగా క్లినిక్ నడుపుతారు. రక్త పరీక్షలు వాళ్లే చూస్తారు, 28 కీళ్లు నొక్కి ఎన్ని వాచాయో లెక్క రాస్తారు. పేషెంటు చేతిలో ఒక ఫోన్ నంబరు ఉంటుంది, సందేహమొస్తే నర్సే తిరిగి ఫోన్ చేస్తుంది. అక్కడి పది ఆస్పత్రుల్లో 181 మంది మీద చేసిన అధ్యయనం 2014లో అచ్చయింది. జబ్బును అదుపులో ఉంచడంలో నర్సు చూడటం డాక్టరు చూడటానికి తీసిపోలేదని అందులో తేలింది. యూరప్ రుమటాలజీ సంఘం ఈ నర్సుల పని ఎలా ఉండాలో 2012లోనే సిఫార్సులు రాసి పెట్టింది.

మన దగ్గర కుదరదని అనకండి. కీళ్లవాతం డాక్టర్లు ఎక్కువగా పెద్ద నగరాల్లోనే ఉన్నారు, నిజమే. కానీ ఊళ్లలో ఇప్పుడు నర్సింగ్ డిగ్రీ చదివి, పల్లె ఆరోగ్య కేంద్రాల్లో పనిచేసే ఎంఎల్‌హెచ్‌పీ (మిడ్ లెవెల్ హెల్త్ ప్రొవైడర్) అమ్మాయిలు ఉన్నారు. బీపీ, షుగర్ మందులు ఇస్తున్నారు, రిజిస్టరు రాస్తున్నారు. అదే రిజిస్టరులో కీళ్లవాతానికి ఒక పేజీ పెట్టండి. మెథోట్రెక్సేట్ వాడేవాళ్లకు రక్తం, లివర్ పరీక్షలు మొదట్లో కొన్ని వారాలకోసారి, ఆ తర్వాత రెండు మూడు నెలలకోసారి జరగాలి. ఎవరిది ఎప్పుడు జరిగిందో రాస్తే చాలు, సగం ప్రమాదం తప్పుతుంది. పెద్దాస్పత్రుల్లో కీళ్ల ఓపీ ఉన్న రోజున ఒక నర్సును వేరే డ్యూటీకి పంపకుండా ఆ ఓపీకే వదలండి. ఆమెకు ఒక బల్ల, రెండు కుర్చీలు, ఒక ఫోన్ ఇవ్వండి. కుర్చీలు రెండు ఎందుకంటే, పేషెంటుతో పాటు ఇంట్లో వంట చేసేవాళ్లో మందులిచ్చేవాళ్లో కూడా కూర్చుని వినాలి.

మా వీధి ఆవిడ ఇప్పుడు కోలుకుంది. డాక్టరు సలహా మీద మళ్లీ అదే మందు, తక్కువ మోతాదులో, సోమవారం సోమవారం వేసుకుంటోంది. వేసుకోగానే క్యాలెండరులో ఆ తేదీ చుట్టూ సున్నా చుట్టి నాకు చూపిస్తుంది. ఆదివారం మిషను మూత కూడా తీస్తోంది, గంట కుట్టి ఆపుతోంది.

మా జిల్లా ఆస్పత్రిలో ఆ బల్ల వేస్తే వారానికి ఒక రోజు నేను వచ్చి కూర్చుంటాను, కొత్త నర్సులకు నేర్పిస్తాను. జీతం అక్కర్లేదు. నా ఫోన్ నంబరు మీకు విడిగా కాగితం మీద రాసి జతచేశాను.

ఇట్లు,
ఒక విశ్రాంత హెడ్ నర్సు,
తెనాలి