ఫార్మాట్ కొట్టే ముందు ఆగిన గడియారం చూడండి

సంపాదకులకు నమస్కారం.

సిస్టమ్ హ్యాంగ్ అవుతోంది, మధ్యలో నెట్ కూడా పోతోంది అని షాపుకు తీసుకెళ్తే చాలాచోట్ల చేసే వైద్యం ఒకటే, విండోస్ మళ్లీ ఎక్కించడం. జబ్బు హార్డ్‌వేర్‌లో ఉంటే వారం పది రోజుల్లో తిరగబెడుతుంది. ఈలోగా అదెక్కడుందో చెప్పే రికార్డంతా ఫార్మాట్‌లో కొట్టుకుపోతుంది. బడుల ల్యాబుల్లో, జిరాక్స్ షాపుల్లో, మీసేవ కేంద్రాల్లో కంప్యూటర్లు నడిపేవారి కోసం ఈ నాలుగు ముక్కలు.

సిస్టమ్ బిగుసుకుపోగానే పవర్ బటన్ నొక్కవద్దు. స్క్రీన్ మూలన గడియారం ఏ నిమిషం దగ్గర ఆగిందో రాసుకోండి. తర్వాత క్యాప్స్ లాక్ నొక్కి చూడండి. కీబోర్డు లైటు వెలిగి ఆరుతుంటే విండోస్ లోపల బతికే ఉన్నట్టు. చాలావరకు డిస్కు దగ్గరో గ్రాఫిక్స్ డ్రైవర్ దగ్గరో పని నిలిచిపోయి ఉంటుంది. లైటు కదలకపోతే ర్యామ్, ఎస్‌ఎంపీఎస్ (లోపలి భాగాలకు కరెంటిచ్చే డబ్బా), మదర్‌బోర్డు, వాటికి తగిలించిన కార్డుల మీద అనుమానం పెట్టుకోవాలి.

రీస్టార్ట్ చేశాక, లోపల జరిగినదంతా నంబర్లతో విండోస్ రాసిపెట్టే ఈవెంట్ వ్యూయర్ తెరిచి, విండోస్ లాగ్స్ కింద సిస్టమ్ చూడండి. కెర్నల్ పవర్ 41 కనబడగానే ఎస్‌ఎంపీఎస్ మార్చేసేవాళ్లున్నారు. అది పొరపాటు. కంప్యూటర్ పద్ధతిగా షట్‌డౌన్ కాలేదన్న మాట తప్ప 41 ఇంకేమీ చెప్పదు. మీరు రాసుకున్న టైముకు ముందు నాలుగైదు నిమిషాల్లో ఏం నమోదైందో అదే అసలు ఆధారం. 129 ఉంటే డిస్కు జవాబివ్వక దాన్ని రీసెట్ చేశారని అర్థం. డిస్క్ పేరుతో 7 ఉంటే బ్యాడ్ బ్లాక్, అంటే డిస్కులో కొంత చోటు పాడైందని. ముందు డేటా కాపీ చేసుకోండి, మిగతావి తర్వాత.

వీయా లాగర్ (WHEA-Logger) 17 వరసగా పడుతుంటే పీసీఐ ఎక్స్‌ప్రెస్ దారిలో, అంటే కార్డులను మదర్‌బోర్డుతో కలిపే దారిలో, తప్పులు దొర్లుతున్నాయి. హ్యాంగూ నెట్ పోవడమూ ఒకే జబ్బు కావచ్చన్న ఆధారం ఇక్కడే దొరుకుతుంది. నెట్‌వర్క్ కార్డు కూర్చునేది ఆ దారి మీదే. అయితే 17లో కనిపించే పేరు తరచూ కార్డుది కాదు, అది తగిలి ఉన్న రూట్ పోర్టుది. డివైస్ మేనేజర్‌లో వ్యూ మెనూ నుంచి డివైసెస్ బై కనెక్షన్ ఎంచుకుంటే ఆ పోర్టు కింద ఏ కార్డు వేలాడుతోందో కనబడుతుంది. అక్కడ నెట్‌వర్క్ కార్డు ఉంటే, అది మదర్‌బోర్డులోనే ఉన్నదైతే బయాస్‌లో (విండోస్‌కు ముందు వచ్చే సెట్టింగుల్లో) ఆన్‌బోర్డ్ ల్యాన్ ఆపేసి, విడి కార్డయితే ఊడదీసి, నాలుగు రోజులు యూఎస్‌బీ ల్యాన్ అడాప్టర్‌తో నడపండి. హ్యాంగ్ ఆగిపోతే దొంగ దొరికినట్టే.

కార్డు మార్చేముందు కరెంటు పూర్తిగా తీసి చూడాలి. షట్‌డౌన్ చేసినా ఎస్‌ఎంపీఎస్ నుంచి 5 వోల్టుల స్టాండ్‌బై కరెంటు వస్తూనే ఉంటుంది, దాంతో ల్యాన్ చిప్ మెలకువగానే ఉండగలదు. అందుకే ఎన్ని రీస్టార్టులు చేసినా ఒక్కోసారి కోలుకోదు. ప్లగ్గు పీకి, పవర్ బటన్ 30 సెకన్లు నొక్కి పట్టుకుని, మళ్లీ పెట్టండి. తర్వాత కార్డు ప్రాపర్టీస్‌లో పవర్ మేనేజ్‌మెంట్‌లో కరెంటు ఆదా కోసం కార్డును ఆపే టిక్కు తీసేయండి. అడ్వాన్స్‌డ్‌లో ఎనర్జీ ఎఫిషియంట్ ఈథర్‌నెట్ కూడా ఆపండి. డ్రైవర్ మదర్‌బోర్డు కంపెనీ సైటు నుంచే తీసుకోండి, డ్రైవర్ ప్యాకులు వద్దు. 2.5 గిగాబిట్ ఇంటెల్ ఐ225-వీ చిప్ తొలి తయారీల్లో ప్యాకెట్ల మధ్య ఎడం విషయంలో హార్డ్‌వేర్ లోపమే ఉండేది. అలాంటి బోర్డులో స్పీడు 1 గిగాబిట్‌కు కట్టేస్తే నెట్ నిలకడగా ఉంటుంది.

లింకు స్పీడు గిగాబిట్ నుంచి 100 మెగాబిట్‌కు పడిపోతే ముందు కేబుల్ చూడండి. గిగాబిట్‌కు ఎనిమిది తీగలూ కావాలి, 100కు 1, 2, 3, 6 చాలు. మిగతా నాలుగింటిలో ఒక్క తీగ తెగితే నెట్ పూర్తిగా పోకుండా నెమ్మదిస్తుంది, అందుకే తప్పు కంటబడదు. రాగి పూత వేసిన అల్యూమినియం తీగ కేబుళ్లు చౌకే గానీ క్రింపింగ్ దగ్గర, అంటే కొసన ప్లగ్గు బిగించిన చోట, తొందరగా విరుగుతాయి.

ర్యామ్ మీద అనుమానముంటే ఒక్కో స్టిక్కు పెట్టి, ర్యామ్‌ను పరీక్షించే మెమ్‌టెస్ట్86 నాలుగు పాస్‌లు నడపాలి. ఒక్క ఎర్రర్ వచ్చినా ఆ స్టిక్కును నమ్మకూడదు. డిస్కు ఆరోగ్యం చూపే క్రిస్టల్ డిస్క్ ఇన్ఫోలో సీ7 (C7, కేబుల్ దారిలో డేటా తప్పుల లెక్క) అంకె పెరుగుతుంటే డిస్కు కన్నా ముందు సాటా కేబుల్ మార్చండి.

క్యాబినెట్ తాకితే జివ్వుమంటే ఎర్తింగ్ లేదన్నమాట. సాకెట్‌లో న్యూట్రల్‌కూ ఎర్త్‌కూ మధ్య వోల్టేజీ ఎలక్ట్రీషియన్ చేత చూపించండి, రెండు మూడు వోల్టులు దాటితే సరిచేయించాలి. ఉరుములప్పుడు కరెంటు ప్లగ్గుతో పాటు ల్యాన్ కేబుల్ కూడా పీకేయండి. ల్యాన్ పోర్టులు కాలిపోయేది చాలాసార్లు ఆ దారినే.

సర్వీస్ షాపులవారికి ఒక విన్నపం. బిల్లు మీద 'సర్వీస్ ఛార్జీ' అని మాత్రమే రాయకుండా, ఈవెంట్ వ్యూయర్‌లో ఏ నంబరు కనబడింది, ఏ పరీక్ష చేశారు, ఏ భాగం మార్చారు అన్నది రాసివ్వండి. అదే యంత్రం ఇంకో టెక్నీషియన్ చేతికి వెళ్తే పని మొదటి నుంచి మొదలుపెట్టాల్సిన అవసరం ఉండదు.

— ఒక హార్డ్‌వేర్ టెక్నీషియన్, గుంటూరు