ఫీజు పది రూపాయలే, మిగతా ఖర్చు ఎవరిది?

సంపాదకులు గారికి,

బల్దియా, అంటే నగరపాలక సంస్థ, పెట్టే వేసవి ఆటల శిబిరాలకు పిల్లలు పోటెత్తుతున్నారని ఆ మధ్య ఒక ఆదివారం మీ హైదరాబాద్ పేజీలో రాశారు. చక్రాల బూట్లు, హెల్మెట్లు, మోకాళ్లకు ప్యాడ్లు పెట్టుకున్న పిల్లల ఫొటో కూడా వేశారు. అది చూసి నాకు ఒళ్లు మండింది. అప్పుడే రాద్దామనుకున్నా గానీ పెళ్లిళ్ల సీజన్, బ్లౌజుల ఒత్తిడి. ఇన్ని రోజులైనా కోపం మాత్రం తగ్గలేదు.

శిబిరం జరిగే మైదానం పక్కనే నా టైలరింగ్ షాపు. శిబిరం మొదలవుతుందనగా బస్తీ తల్లులు పెద్దోడి పాత ప్యాంటు పట్టుకొచ్చి, "అక్కా, చిన్నోడికి ట్రాక్ ప్యాంటు లెక్క చేసియ్యవా" అని అడుగుతారు. నడుముకు ఎలాస్టిక్ ఎక్కించి, పక్కన తెల్ల పట్టీ కుట్టి ఇస్తాను. మొదటి వారం ఆ తెల్ల పట్టీలన్నీ పొద్దున్నే నా కళ్ల ముందు నుంచే పోతాయి. రెండో వారానికి సగం కనబడవు. నెలాఖరుకు మిగిలేది స్కూటర్ల మీద, కార్లలో వచ్చి దిగే పిల్లలే.

బల్దియా శిబిరంలో చాలా ఆటలకు ఫీజు పది రూపాయలేనని ఏటా గొప్పగా ప్రకటిస్తారు. ఆ పది ఎవరైనా కడతారు. కానీ ముందు ఆన్‌లైన్‌లో పేరు ఎక్కించాలి కదా. ఇంట్లో ఉన్న ఒక్క ఫోనూ తండ్రితో కూలీల అడ్డా మీద ఉంటుంది, ఓటీపీ అక్కడికి పోతుంది. ఇంటర్నెట్ సెంటర్ వాడు ఫారం నింపినందుకే యాభై గుంజుతాడు. పది రూపాయల ఫీజు కట్టడానికి యాభై ఖర్చు! అంతా అయ్యాక షటిల్ బ్యాట్ ఎవరిది వాళ్లే తెచ్చుకోవాలంటారు, బూట్లు లేకపోతే వెనక్కి పంపుతారు. స్లిప్పర్లతో వచ్చిన పిల్లాడు కంచె పట్టుకుని బయటే నిలబడి చూడటం నేను చూశాను. ఆ కోచ్‌నూ ఏమనగలం? ఆయనకు ఇచ్చింది చిరిగిన నెట్టు, నాలుగు బంతులు.

ఇక టైము. పొద్దున ఆరు నుంచి ఎనిమిది. సరిగ్గా అప్పుడే మా బస్తీ ఆడవాళ్లు అపార్ట్‌మెంట్లలో అంట్లు తోముతుంటారు. ఇంట్లో చంటివాణ్ని చూసుకునేది పదేళ్ల పిల్లే. ఒక పిల్ల తమ్ముణ్ని చంకనేసుకుని ఖోఖోకు వస్తే గేటు దగ్గరే ఆపేశారు. శిబిరం ఆరేళ్లు నిండిన వాళ్లకేనట. రూలు రూలే. ఆ పిల్ల మళ్లీ రాలేదు. వాణ్ని రెండు గంటలు చూసుకోవడానికి ఒక ఆయమ్మను పెట్టాలన్న ఆలోచన మాత్రం ఎవరికీ రాలేదు. ప్రారంభోత్సవానికి షామియానా, పూలదండలు, ఫ్లెక్సీ కావాలన్న ఆలోచన అందరికీ వచ్చింది. ముఖ్య అతిథి వచ్చేదాకా పిల్లలు ఎండలో కూర్చున్నారు.

అన్నింటికంటే ముందు చెప్పాల్సింది తిండి సంగతి. ఏప్రిల్ 24 నుంచి జూన్ 11 దాకా బడికి సెలవులు. బడి బంద్ అయితే మధ్యాహ్న భోజనమూ బంద్. ఆ పిల్లల్ని ఖాళీ కడుపుతో ఉరికించి, ఎనిమిదింటికి ఇంటికి పొమ్మంటే ఇంట్లో ఏముంటుంది? కరువు ప్రాంతాల్లో వేసవి సెలవుల్లో కూడా భోజనం పెట్టాలని సుప్రీంకోర్టు 2004లోనే ఆదేశించింది. 2016 కరువులో మన కరువు మండలాల్లో పెట్టారు కూడా. అంటే పెట్టలేక కాదు. బస్తీలో కరువును కొలవడానికి వర్షపాతం లెక్కలు పనికిరావు, అదీ ఇబ్బంది!

బడిలో వండే అమ్మలకు ఇచ్చే గౌరవ వేతనం ఏడాదికి పది నెలలకే. ఎండాకాలం వాళ్లకు పనీ లేదు, పైసలూ లేవు. మా బస్తీ సర్కారు బడి గేటుకు తాళం, వంట గదికి తాళం. పిల్లలు గోడ దూకి ఆడుకుంటే వాచ్‌మన్ తరుముతాడు. ఆ తాళం తీసి శిబిరం అక్కడే పెట్టొచ్చు. ఆ అమ్మలతోనే పొద్దున ఉప్మా, ఒక గుడ్డు పెట్టించి రెండు నెలల జీతం ఇస్తే తప్పేముంది? బ్యాట్లు, బూట్లు బడి బీరువాలోనే ఉంటే వచ్చే ఏడు పిల్లలకూ పనికొస్తాయి.

నాంపల్లి పబ్లిక్ గార్డెన్స్‌లో పిల్లలకు ఆటపాటలు నేర్పే బాల భవన్ ఉంది కదా, అక్కడికి పంపొచ్చు కదా అంటారు కొందరు. మంచి చోటే. ఆడవాళ్లకు ఉచిత బస్సు ఇచ్చే మహాలక్ష్మి పథకం కింద అక్కకు బస్సు ఫ్రీ, తమ్ముడికి టికెట్, తీసుకుపోయే నాన్నకు టికెట్, ఆయన పని మానుకున్న కూలి వేరే. ఆ పథకాన్ని తప్పుపట్టడం లేదు, జనరల్ బజార్‌కు లైనింగ్ గుడ్డ కోసం నేనూ ఆ బస్సులోనే పోతాను. ఆటలు ఇంటి దగ్గర ఉండాలంటున్నాను, అంతే.

ఇంటి దగ్గరి మైదానం సంగతీ రాయాలి. సాయంత్రమైతే నెట్లు కట్టి గంటకింత అని ఎవరో వసూలు చేస్తారు. ముహూర్తాలుంటే ఫంక్షన్లకు ఇస్తారు. తెల్లారి విస్తళ్లు, ప్లాస్టిక్ గ్లాసులు ఏరుకుంటే గానీ పిల్లలకు జాగా లేదు. ఫిర్యాదు చేస్తే మా పరిధి కాదంటారు. ఎవరి పరిధో చెప్పే ఆఫీసు ఏదో కూడా తెలిస్తే బాగుండు.

మీకు ఒక విన్నపం. శిబిరంలో ఎంతమంది పేర్లు ఎక్కించారో అధికారులు చెప్పినట్టే అచ్చు వేస్తున్నారు. వచ్చే ఏడాది మీ విలేకరిని ఆఖరి వారంలో పంపండి. హాజరు పట్టీ అడిగి, అందులో సర్కారు బడి పిల్లలు ఎందరున్నారో లెక్కపెట్టి రాయండి.

– ఒక పాఠకురాలు, బోరబండ, హైదరాబాద్