మనాదికి లాభాల పద్దు రాసే ముందు

సంపాదకులకు నమస్కారం.

‘డిప్రెషన్ నాకు మేలే చేసింది, నన్ను మనిషిని చేసింది’ అనే మాట ఈ మధ్య కాలేజీ వేదికల మీద, వాట్సాప్ స్టేటస్‌లలో తరచుగా వినిపిస్తోంది. అనేవాళ్లు అబద్ధమాడడం లేదు. వాళ్లకు నిజంగానే ఏదో దక్కింది. అది దేనివల్ల దక్కిందన్న దగ్గరే లెక్క తప్పుతోంది. ఆ తప్పు లెక్కను నమ్మిన ఇంకొకరు ఆసుపత్రికి పోవాల్సిన రోజును నెలల తరబడి వాయిదా వేస్తున్నారు.

మన ఓరుగల్లు పల్లెల్లో దిగులుకు రెండు మాటలున్నాయి. ఒకటి రంది, రెండోది మనాది. అప్పు రంది, బిడ్డ పెండ్లి రంది అంటాం. రందికి ఒక కారణం ఉంటుంది, కారణం తీరితే రందీ తీరుతుంది. దానికో పని కూడా ఉంది. ఎనుమాముల మార్కెట్‌లో పత్తి ధర పడిందని విన్న రైతు రెండు రాత్రులు నిద్రపోడు. ఇప్పుడే అమ్మాలా ఆపాలా, ముందు షావుకారికి కట్టాలా బ్యాంకుకా అని లెక్కలు వేస్తాడు. మూడో రోజు లేచి బావమరిది దగ్గరికి పోతాడు. ముల్లు ఎక్కడ దిగిందో నొప్పి చెప్పినట్టు, ఎక్కడ ఆగాలో ఎటు తిరగాలో ఆ బాధ చెప్పింది. అమెరికా మనోవైద్యుడు రాండాల్ఫ్ నెస్సీ 2000లో రాసిన వ్యాసంలో ఇదే వాదించారు. అందని దాని వెంట పడి ఉన్న శక్తినంతా పోగొట్టుకోకుండా దిగులు మనిషిని ఆపుతుందని ఆయన మాట. అయితే డిప్రెషన్‌లో చాలావరకు ఏ ఉపయోగమూ లేని జబ్బు స్థితేనని కూడా ఆయన అక్కడే ఒప్పుకున్నారు.

మనాది వేరు. ‘మనాదితో మంచం పట్టిండు’ అనే మాటలోనే రోగ లక్షణం ఉంది. చేలో పత్తి పగిలి తెల్లగా నిలబడి ఉంటుంది, కూలీలు వాకిట్లోకి వచ్చి పిలుస్తుంటారు, మనిషి మాత్రం మంచం దిగలేడు. ఈసారి ధర బాగానే ఉన్నా దిగలేడు. వైద్యులు చూసే గుర్తులు తొమ్మిది: రోజులో ఎక్కువసేపు దిగులు, దేనిమీదా ఆసక్తి లేకపోవడం, నిద్ర తేడా, ఆకలి లేదా బరువులో తేడా, నీరసం, కదలికలు మందగించడం లేదా కుదురు లేకపోవడం, నేను దేనికీ పనికిరాననుకోవడం, ఏకాగ్రత తగ్గడం, చావు ఆలోచనలు. వీటిలో కనీసం ఐదు గుర్తులు రెండు వారాల పాటు దాదాపు రోజూ ఉండాలి, ఆ ఐదింటిలో మొదటి రెండింట్లో ఒకటైనా ఉండి తీరాలి. మన దగ్గర చాలామంది ఇవేవీ చెప్పరు. పెయ్యంత నొప్పులు, తలకాయ బరువు, గుండె దడ అంటారు. గ్లూకోజు బాటిళ్లు ఎక్కించుకుంటూ ఏడాది గడిపేస్తారు. అందుకే మొదటిసారి చూపించుకున్నప్పుడే థైరాయిడ్, హిమోగ్లోబిన్, విటమిన్ బి12, షుగర్ పరీక్షలు చేయించడం మంచిది. థైరాయిడ్ తగ్గినా, రక్తం తక్కువైనా అచ్చం మనాదిలాగే కనిపిస్తుంది.

లాభం ఉందనేవాళ్లు రెండు పరిశోధనలను ముందు పెడతారు. 1979లో అలాయ్, అబ్రామ్‌సన్ అనే ఇద్దరు పరిశోధకులు కాలేజీ విద్యార్థులను ఒక బటన్ ముందు కూర్చోబెట్టారు. పచ్చ లైటు వెలగడం మీ చేతిలో ఎంతవరకు ఉందో చెప్పమన్నారు. లైటు ఎవరి చేతిలోనూ లేనప్పుడు కాస్త దిగులుగా ఉన్నవాళ్లు ఆ సంగతి సరిగ్గా చెప్పారు, దిగులు లేనివాళ్లు తమ చేతిలో కొంత ఉందనుకున్నారు. దిగులున్నవారికి లోకం ఉన్నదున్నట్టు కనిపిస్తుందనే మాట అక్కడ పుట్టింది. ఆ విద్యార్థులు ప్రశ్నపత్రంలో మార్కుల ప్రకారం దిగులున్నవాళ్లే తప్ప మంచం పట్టిన రోగులు కారు. పైగా 2022లో ఎక్కువ మందితో మళ్లీ చేసి చూస్తే ఆ ఫలితం రాలేదు. రెండోది 2009 నాటి వాదన: డిప్రెషన్ మిగతా పనులన్నీ ఆపేసి చిక్కు సమస్య మీదనే మనసు నిలుపుతుందని. జబ్బులో ఉన్న మనిషి ఆలోచన దగ్గర కూర్చుని వింటే ఈ వాదన నిలవదు. ‘ఆ రోజు అట్ల అనకపోతే అయిపోవు’ అనే ఒక్క మాట పొద్దుటి నుంచి రాత్రి దాకా గానుగెద్దులా అక్కడక్కడే తిరుగుతుంది, నూనె మాత్రం దిగదు. జ్ఞాపకం, ఏకాగ్రత తగ్గే జబ్బులో చిక్కులు విడిపోతాయనుకోవడం మాకు న్యాయంగా తోచదు.

మరి కోలుకున్నవారికి దక్కిందేమిటి? అది జబ్బు ఇచ్చింది కాదు, జబ్బు నుంచి బయటపడే పనిలో చేతికి వచ్చిన విద్య. ఆ పని ఎలా ఉంటుందో ఒకటి చూపిస్తాం.

వంద పేజీల నోట్‌బుక్ ఒకటి తీసుకోవాలి. రోజుకో పేజీ, గంటకో లైను. చేసిన పని రాసి పక్కన రెండు అంకెలు వేయాలి. సంతోషానికి ఒకటి, చేశానన్న తృప్తికి ఒకటి, రెండూ సున్నా నుంచి పది లోపు. ‘పడుకొని ఫోన్ చూసిన: 1, 0.’ ‘బర్రెకు నీళ్లు పెట్టిన: 2, 5.’ వారం తర్వాత ఆ పేజీలు తిరగేస్తే, విశ్రాంతి అనుకుని మంచంలో గడిపిన గంటలకే తరచుగా అన్నిటికంటే తక్కువ అంకెలు కనిపిస్తాయి. ఎవరూ ఉపదేశం చేయాల్సిన పని లేదు, వాళ్ల చేతిరాతే చెబుతుంది. రెండో వారం రెండు పనులు ఎంచుకుని గడియారానికి కట్టాలి. ఉదయం ఆరున్నరకు గుడి దాకా పది నిమిషాల నడక, అంతే. మనసు బాగుంటే పోదామనుకోకూడదు, ఆరున్నర అయితే పోవాలి.

చెడిపోయేది ఎక్కువగా ఇక్కడే. మొదటి రోజు హుషారు వచ్చి భద్రకాళి చెరువు కట్ట మీద గంటసేపు నడుస్తారు, తర్వాత మూడు రోజులు లేవరు. పది నిమిషాలు నాలుగు రోజులు నిలకడగా సాగాకే పదిహేనుకు పోవాలి. ఒక్కసారి నడిచి ‘ఏం మంచిగనిపించలే’ అని మానేయడం ఇంకో పొరపాటు. పని ముందు వస్తుంది, మనసు వారాల తర్వాత వస్తుంది. ఇంట్లోవాళ్లు ఆ నోట్‌బుక్‌ను ప్రోగ్రెస్ కార్డులా తిరగేసి మందలిస్తే మర్నాటి నుంచి అందులో నిజం రాయడం ఆగిపోతుంది. గోవాలోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో ఈ పద్ధతినే డాక్టర్లు కాని, శిక్షణ మాత్రమే పొందిన స్థానికుల చేత చేయించారు. ఒక్కో సిట్టింగ్ అరగంట నుంచి నలభై నిమిషాలు, మొత్తం ఆరు నుంచి ఎనిమిది. తీవ్రంగా ఉన్నవారికి సైతం మేలు కనిపించిందని 2017లో ఫలితాలు వచ్చాయి.

మందుల సంగతి. ఎస్సిటలోప్రామ్, సెర్ట్రాలిన్ వంటి డిప్రెషన్ గోలీలు మొదలుపెడితే వికారం, తలనొప్పి, కుదురులేనితనం మొదటి వారంలోనే రావచ్చు. గుణం కనిపించడానికి రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది. ముందు చెడు వచ్చి తర్వాత మంచి వస్తుందన్నమాట. ఈ ముక్క ముందే చెప్పకపోతే ఐదో రోజున గోలీలు మూలన పడతాయి. పాతికేళ్ల లోపు వారిని ఈ తొలి వారాల్లో మరింత కనిపెట్టుకుని ఉండాలి. మంచిగైన తర్వాత కూడా కనీసం ఆరు నెలలు వాడి, డాక్టర్ చెప్పినట్టు మెల్లగా తగ్గించాలి. గతంలో ఎప్పుడైనా నాలుగైదు రోజులు నిద్ర లేకున్నా అలసట రాకుండా, మాటలు, ఖర్చులు, ఆలోచనలు పట్టపగ్గాల్లేకుండా పోయిన సందర్భం ఉంటే అది తప్పక చెప్పాలి. అది బైపోలార్, అంటే అతి హుషారు, దిగులు మార్చి మార్చి వచ్చే జబ్బు కావచ్చు, దానికి ఈ గోలీలు ఒక్కటే ఇస్తే ఎదురు తిరగవచ్చు. ‘డిప్రెషన్‌లో ఉన్నప్పుడే బాగా రాశాను’ అనేవారిలో కొందరు ఆ హుషారు రోజులను తలుచుకుంటున్నారేమో అని మా అనుమానం.

ఒకసారి వచ్చినవారిలో దాదాపు సగం మందికి మళ్లీ వస్తుంది. అందుకే బాగున్నప్పుడే తన గుర్తులు తాను రాసిపెట్టుకోవాలి. ఒకరికి తెల్లవారుజామున మూడింటికే మెలకువ రావడం, ఇంకొకరికి ఫోన్ ఎత్తకపోవడం, మరొకరికి బతుకమ్మ పూలకు పోబుద్ధి కాకపోవడం. తన గుర్తుల్లో ఏ రెండైనా ఒక వారం పాటు కనిపిస్తే ఎవరికి చెప్పాలో, ఏ రోజు డాక్టర్ దగ్గరికి పోవాలో అదే కాగితం మీద ఉండాలి. ఒక నకలు ఇంట్లో నమ్మకమైన మనిషి దగ్గర పెట్టాలి. డిప్రెషన్ తర్వాత నన్ను నేను తెలుసుకున్నానని ఎవరైనా అంటే, మా దృష్టిలో ఈ కాగితం రాయగలగడమే ఆ తెలుసుకోవడం.

చచ్చిపోవాలనిపిస్తోందా అని నేరుగా అడగడానికి ఇంట్లోవాళ్లు జంకుతారు. అడిగితే కొత్తగా ఆ ఆలోచన రాదు, లోపల ఉన్నది బయటికి వస్తుంది. అవునంటే ఒంటరిగా వదలొద్దు, మిగిలిన పురుగుల మందు ఇంటి నుంచి, చేను కొట్టం నుంచి ఆ పూటే తీసేయాలి. ఆత్మహత్యకు ప్రయత్నించినవారిని కేసు భయంతో దాచొద్దు. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం అలాంటి వ్యక్తి తీవ్ర ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలని, చికిత్స అందించాలని చెబుతోంది. వరంగల్ ఎంజీఎం ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది. రాత్రివేళైనా 14416కు, అంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ లైన్ టెలీ మానస్‌కు, ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు.

పత్రికకు మా విన్నపం ఒక్కటే. కోలుకున్నవారి అనుభవాలు తప్పకుండా వేయండి, అవి ధైర్యం ఇస్తాయి. వేసినప్పుడు వారు ఎన్ని నెలలు చికిత్స తీసుకున్నారో, ఎవరు తోడున్నారో కూడా అడిగి రాయించండి. ఆ పక్కనే 14416 అంకెలను పెద్ద అక్షరాల్లో అచ్చు వేయండి.

— వరంగల్, హనుమకొండ జిల్లాల్లో పనిచేస్తున్న కొందరు మానసిక ఆరోగ్య కార్యకర్తలు