రోడ్డు కారుకు రేసు గేర్‌బాక్సు ఎందుకండీ?

సంపాదకుడు గారికి,

మన కోనసీమ కుర్రాళ్ళు పాత మారుతి ఎస్టీమ్ కార్లు కొని, ఇంజను దగ్గర్నుంచి సొంతంగా తయారు చేసుకుంటున్న సంగతి ఆదివారం అనుబంధంలో రాశారు. సంతోషం. చేతిపని నేర్చుకునే కుర్రాళ్ళను ఎవరైనా మెచ్చుకోవాల్సిందే. కానీ అందులో ‘రేసింగ్ డాగ్ బాక్సు వేస్తేనే కారుకు బలం’ అన్న మాట చదివి ఊరుకోలేకపోయాను. రావులపాలెంలో గేర్‌బాక్సులు విప్పి బిగించడమే నా పని. ఆ వ్యాసం వచ్చాక ‘మన బండికీ అదే పెట్టెయ్ బాబాయ్’ అంటూ షెడ్డుకు వచ్చేవాళ్ళు ఎక్కువయ్యారు.

మామూలు కారులో గేరు వేసినప్పుడు ముందుగా ఇత్తడి సింక్రో రింగు వెళ్ళి గేరును ఒరుసుకుంటుంది. రెండింటి వేగం ఒకటయ్యాకే పళ్లు కలుస్తాయి. 1928లో కాడిలాక్ కంపెనీ దీన్ని తెచ్చేవరకూ ఆ వేగం కలిపే పని డ్రైవరుదే. పాతకాలపు లారీ డ్రైవర్లు డబుల్ క్లచ్ కొట్టింది, అంటే ఒక్క గేరుకు రెండుసార్లు క్లచ్ నొక్కింది అందుకే. పాత అంబాసిడర్‌లో ఒకటో గేరుకు సింక్రో లేదు, బండి కదులుతుండగా వేస్తే కర్రుమని అరిచేది. డాగ్ బాక్సులో ఈ రింగే ఉండదు. వెడల్పాటి పళ్లు నాలుగైదు, వాటి మధ్య పెద్ద ఖాళీలు. వేగాలు కలవకపోయినా ఠక్కున దిగిపోతాయి. సెకనులో పదో వంతు కూడా లెక్కలోకొచ్చే రేసులో అది లాభమే.

చిక్కల్లా ఏమిటంటే, దీన్ని మెల్లగా వేయకూడదు. ఒక్క ఊపున లాగి పడేయాలి. ఇంట్లో ఆడవాళ్ళను, పిల్లలను ఎక్కించుకుని కొత్తపేట మీదుగా అమలాపురం వెళ్ళేటప్పుడు ఎవరు అలా లాగుతారు? జాగ్రత్తగా, మర్యాదగా వేస్తారు. అలా వేసిన ప్రతిసారీ పళ్ల కొసలు ఒకదాన్నొకటి టకటకా కొట్టుకుని గానీ లోపలికి దిగవు. ఈమధ్య ఒక కుర్రాడు ఆన్‌లైన్‌లో తెప్పించి వాడిన బాక్సు నా బల్ల మీదికి వచ్చింది. మూడో గేరు నిలవడం లేదు, యాక్సిలరేటర్ వదలగానే ఎగిరిపోతోంది. డాగ్ పన్ను అంచు మీద గోరు పెట్టి లాగితే కొత్తదానికి గోరు పట్టుకోవాలి, దీని మీద నున్నగా జారిపోయింది. ఈ పళ్లను వెనక్కి కాస్త ఏటవాలుగా కోస్తారు. లోడు పడేకొద్దీ ఒకదాన్నొకటి లోపలికి లాక్కోవాలని. అంచు గుండ్రమైపోయాక అదే లోడు బయటికి నెడుతుంది. డ్రెయిన్ బోల్టుకున్న అయస్కాంతానికి ఇనప పొడి ముద్దగా అంటుకుని ఉంది. రేసు టీములు వీటిని తరచూ విప్పి చూసి, ఈ పళ్లుండే డాగ్ రింగులు అరిగితే మార్చేస్తాయి. మనకు ఆ రింగు ఏ ఊళ్ళో దొరుకుతుంది?

ఇక రేసు బాక్సు పెట్టే ఊళ. అందులో గేరు పళ్లు నిలువు కోతవి, మామూలు బాక్సులో ఏటవాలు కోతవి. నిలువు కోత పళ్లు గేరు వెడల్పంతా ఒకేసారి తగులుతాయి గనక అరుస్తాయి. ఏటవాలు కోతవి కొస నుంచి కొసకు జారుతూ కలుస్తాయి గనక సద్దు తక్కువ. నిలువు కోతలో బేరింగుల మీద పక్క ఒత్తిడి ఉండదన్నది నిజమే. అంతమాత్రాన అరుపు బలానికి గుర్తు కాదు. ఎవరికైనా నచ్చితే నచ్చనివ్వండి, అది చెవుల సంగతి.

నాకు అంతకంటే పెద్ద అభ్యంతరం ఒకటో గేరు. మామూలు బాక్సులో ఒకటో గేరు నిష్పత్తి 3.5, ఫైనల్ డ్రైవ్ (చక్రాలను తిప్పే చివరి గేరు జత) నిష్పత్తి 4.1 అనుకుందాం. టైరు ఒక చుట్టుకు 1.8 మీటర్లు నడుస్తుంది. ఇంజను 1000 ఆర్‌పీఎం మీద (నిమిషానికి 1000 చుట్లు) ఉంటే కారు గంటకు ఏడున్నర కిలోమీటర్ల వేగంతో పోతుంది. రేసు బాక్సులో ఒకటో గేరు 2.4 అయితే అదే ఆర్‌పీఎంకు 11 కిలోమీటర్లు. అంతకన్నా నిదానంగా పోవాలంటే హాఫ్ క్లచ్ తప్ప దారి లేదు. అరటి గెలల లారీలు మార్కెట్ దగ్గర మలుపు తిరిగేటప్పుడు, కోతల రోజుల్లో సగం రోడ్డు మీద ధాన్యం ఆరబోసి ఉన్నప్పుడు, కాలువ గట్టు మీద బస్తాల ట్రాక్టరు వెనక చిక్కుకున్నప్పుడు ఎంత వేగంలో పోతామో మీకు తెలుసు. దానికి రేసింగ్ క్లచ్ కూడా తోడైతే కారు కదిలిన ప్రతిసారీ వణుకుతుంది. గేర్లు వరసగా ఒక్కొక్కటే మారే సీక్వెన్షియల్ బాక్సు అయితే ఇంకో తంటా. ఐదులో ఉండగా సడెన్‌గా ఆగాల్సొస్తే నాలుగు, మూడు, రెండు అన్నీ వరసగా దిగి రావాలి.

‘బైకులో ఉన్నవీ డాగ్ గేర్లే కదా, ఏళ్ళ తరబడి నడుస్తున్నాయి కదా’ అని తెలివైన కుర్రాళ్ళు అడుగుతారు. మంచి ప్రశ్నే. బైకు గేర్లు చిన్నవి, తేలిక, క్లచ్ ప్లేట్లు ఆయిల్‌లో ఉంటాయి, మోసే బరువు తక్కువ. కాబట్టి దెబ్బ చిన్నది. కారులో తిరిగే బరువు ఎక్కువ, దెబ్బా దానికి తగ్గట్టే ఉంటుంది.

నన్నడిగితే రోడ్డు మీద తిరిగే బండికి సింక్రో బాక్సే ఉంచండి. ముందు రింగులు, బేరింగులు, సీళ్ళు కొత్తవి వేయించండి. సగం మందికి బాక్సు ‘వీక్’ అనిపించేది రింగులు అరిగిపోయినందువల్లే. కారు పుస్తకంలో జీఎల్-4 రకం గేర్ ఆయిల్ అని ఉంటే దుకాణంలో ఉంది కదా అని జీఎల్-5 పోయకండి. ఇంకా లాగుడు కావాలంటే ఫైనల్ డ్రైవ్ కాస్త పొట్టిది, అంటే నిష్పత్తి ఎక్కువున్నది వేసుకోండి, అన్ని గేర్లలోనూ తేడా తెలుస్తుంది. హైవే మీద ఇంజను కొంచెం ఎక్కువ తిరుగుతుంది, అంతే. ఇంజను బాగా పెంచినవాళ్ళు హార్స్‌పవర్ కాదు, టార్క్ (ఇంజను తిప్పే బలం) ఎంతో చెప్పి, అంత టార్క్ తట్టుకునే సింక్రో గేర్ సెట్టు అడగాలి. బాక్సును విరిచేది టార్కే. చెన్నై దగ్గర ఇరుంగట్టుకోటై ట్రాక్ మీద పరిగెత్తించే బండి ఉంటే డాగ్ బాక్సు నేనే బిగిస్తాను. కానీ దాన్ని ట్రాక్ దాకా లారీ మీదే తీసుకెళ్ళండి.

మీకో మనవి. ఇలాంటి కార్ల గురించి మళ్ళీ రాసేటప్పుడు, ఆ బాక్సు ఎన్ని కిలోమీటర్లకు విప్పాల్సొచ్చింది, విప్పినప్పుడు ఎంత ఖర్చయింది అని కూడా యజమానిని అడిగి వేయండి.

ఇట్లు,
ఒక గేర్‌బాక్సు మెకానిక్,
రావులపాలెం